హాల్లో టీవీ కింద పెట్టే పీసీకి ఏ క్యాబినెట్ మంచిది? మా టీవీ యూనిట్ కొలతలు ఇస్తున్నాను

పటమట_వెండితెర · విజయవాడ

అందరికీ నమస్కారం. మా హాల్లో 55 అంగుళాల 4కె టీవీ, 5.1 రిసీవర్ ఉన్నాయి. వాటి పక్కన సినిమాల కోసమే ఒక పీసీ కట్టుకుంటున్నాను. ఐ3-12100 ప్రాసెసర్, మైక్రో ఏటీఎక్స్ సైజు హెచ్610 బోర్డు, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కొనేశాను. 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు పాతవి ఉన్నాయి. నాన్నగారు ఇష్టపడే పాత సినిమాలు, మా ఇంట్లో పెళ్లిళ్ల వీడియోలు అన్నీ వాటిలోనే. ఇక మిగిలింది క్యాబినెట్.

గవర్నర్‌పేటలో నాలుగు షాపులు తిరిగాను. ఎక్కడ చూసినా నిలువు టవర్లే. పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి సినిమా చూస్తుంటే టీవీ పక్కన ఇంకో వెలుగు ఉండకూడదని నా కోరిక. ఆంప్లిఫయర్‌లా అడ్డంగా, నల్లగా, ఏ ఆర్భాటం లేకుండా ఉండాలి.

నెట్‌లో చూసినవాటిలో సిల్వర్‌స్టోన్ గ్రాండియా జీడీ09 బాగా నచ్చింది. ఫ్రాక్టల్ నోడ్ 202 ఇంకా నాజూగ్గా ఉంది. మా టీవీ యూనిట్‌లో ఖాళీగా ఉన్న అర వెడల్పు 22 అంగుళాలు, ఎత్తు ఏడున్నర, లోతు పదిహేనున్నర. వెనక ప్లైవుడ్ కొట్టి మూసేశారు, ముందు అద్దం తలుపు ఉంది. ఈ రెండింట్లో ఏది తీసుకోమంటారు?

బ్రాడీపేట_స్క్రూడ్రైవర్ · గుంటూరు

కొలతలు ఇచ్చి మంచి పని చేశారండి. చాలామంది ఫొటో చూసి క్యాబినెట్ కొనేసి, ఇంటికి తెచ్చాక టీవీ యూనిట్ ముందు నిలబడి ఆలోచిస్తారు.

ముందు నోడ్ 202 సంగతి తేల్చేద్దాం. అది మినీ ఐటీఎక్స్ బోర్డుకే. అంటే 170 మి.మీ. చదరం. మీ మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244 మి.మీ. దాకా ఉంటుంది, అందులోకి పోదు. పైగా దానికి మామూలు ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) పట్టదు, చిన్న సైజు ఎస్‌ఎఫ్‌ఎక్స్ కావాలి. బోర్డు మారుస్తానంటే తప్ప దాన్ని మర్చిపోండి.

జీడీ09 వెడల్పు 440, ఎత్తు 170, లోతు 358 మి.మీ. మీ అరని మి.మీ.లోకి మారిస్తే వెడల్పు దాదాపు 559, ఎత్తు 190, లోతు 394. కాగితం మీద పట్టేస్తుంది. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. వెనకాల హెచ్‌డీఎంఐ పిన్ను, పవర్ తీగ, ల్యాన్ తీగ బయటికి పొడుచుకొస్తాయి. వాటిని విరగ్గొట్టకుండా వంచాలంటే కనీసం 50 మి.మీ. జాగా కావాలి. 358కి 50 కలిపితే 408. మీ ప్లైవుడ్ 394 దగ్గరే అడ్డం వస్తుంది. పైన మిగిలేది 20 మి.మీ. మాత్రమే. లోపల పుట్టిన వేడి ఎటు పోవాలి?

క్యాబినెట్ పేరు తర్వాత చూద్దాం. ఆ వెనక ప్లైవుడ్ కోయడానికి మీ ఇంట్లో ఒప్పుకుంటారా, ముందు అది చెప్పండి. మీ ప్రశ్నలో ముప్పావు వంతు దానికే ముడిపడి ఉంది.

చిన్నపీసీ_చాలు · విజయవాడ

బ్రో, ఇంత కష్టం ఎందుకు? ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని టీడీపీ, అంటే చల్లార్చాల్సిన వేడి లెక్క, 6 వాట్లే. వీడియోని కుదించే పద్ధతులైన హెచ్‌ఈవీసీ 10 బిట్, ఏవీ1 రెండిటినీ హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది, అంటే విప్పి చూపిస్తుంది. టీవీ వెనక స్క్రూ కొట్టి తగిలించేయొచ్చు. క్యాబినెట్ అనే ప్రశ్నే రాదు.

పటమట_వెండితెర · విజయవాడ

సామాన్లు కొనేశాను తమ్ముడూ, ఇప్పుడు అమ్మితే సగం ధర కూడా రాదు. ఇంకో కారణం కూడా ఉంది. రేపు అవసరమైతే ఎస్‌ఎంపీఎస్, ఫ్యాన్, ర్యామ్ ఏదైనా మన ఊళ్లోనే కొని నేనే మార్చుకోగలగాలి. మినీ పీసీలో అడాప్టర్ పోయినా సరిపోయేది వెతుక్కోవాలి.

స్క్రూడ్రైవర్ గారూ, ప్లైవుడ్ కోయడానికి అమ్మ ఇంకా ఊ అనలేదు. కార్పెంటర్‌ని పిలిచి చూపిస్తే ఒప్పుకోవచ్చు.

నిశ్శబ్దమే_సంగీతం · గుంటూరు

నా దృష్టిలో హోమ్ థియేటర్ పీసీకి ఒకటే కొలమానం, చప్పుడు. సినిమాలో ఇద్దరు గుసగుసగా మాట్లాడుకునే సీన్‌లో ఫ్యాన్ గుయ్ మంటూ వినిపిస్తే ఎన్ని స్పీకర్లు పెట్టి ఏం లాభం?

స్ట్రీకామ్ వాళ్ల ఫ్యాన్ లేని క్యాబినెట్లు చూడండి. ప్రాసెసర్ మీద నుంచి రాగి హీట్ పైపులు క్యాబినెట్ గోడకి వెళ్తాయి. గోడ మొత్తం అల్యూమినియం రెక్కలే. క్యాబినెట్టే హీట్ సింక్ అన్నమాట. కదిలే భాగం ఒక్కటీ ఉండదు. దుమ్ము లోపలికి లాగే ఫ్యాన్ లేదు కాబట్టి శుభ్రం చేసే పని కూడా తక్కువ. ధర ఎక్కువే, కానీ చూడ్డానికి ఖరీదైన ఆంప్లిఫయర్‌లా ఉంటుంది. ఆయన అడిగింది అదే కదా.

బ్రాడీపేట_స్క్రూడ్రైవర్ · గుంటూరు

అన్నా, మీ రుచిని గౌరవిస్తాను. ఫ్యాన్ లేని క్యాబినెట్ తయారీలో ఉన్న పనితనం నాకూ ఇష్టమే. కానీ మనం ఉన్నది ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఏసీ వేయని హాల్లో సాయంత్రం ఏడింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి.

ఫ్యాన్ లేని డబ్బా వేడిని వదిలేది చుట్టూ ఉన్న గాలితో ఉన్న తేడాని బట్టి. గది 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు గోడ 50కి చేరితే పాతిక డిగ్రీల తేడా ఉంటుంది, వేడి బాగానే పోతుంది. గది 38 అయితే అంతే వేడిని వదలడానికి ఆ గోడ 63కి చేరాలి. లోపల ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ, బోర్డు మీద కెపాసిటర్లు అన్నీ అంతే మేర పైకి జరుగుతాయి. దీన్ని తీసుకెళ్లి వెనక ప్లైవుడ్, ముందు అద్దం ఉన్న అరలో పెడితే, అర లోపలి గాలే 45 దాటుతుంది.

ప్రాసెసర్ కాలిపోదు, అది తన వేగం తాను తగ్గించుకుంటుంది. నా బెంగ కెపాసిటర్ల మీద. ప్రతి 10 డిగ్రీలకీ వాటి ఆయుష్షు సగానికి తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క ఒకటుంది. నా బల్ల మీదికి ఎండాకాలం అయ్యాక వచ్చే ఉబ్బిన కెపాసిటర్ల బోర్డులు చూస్తే ఆ లెక్క నిజమే అనిపిస్తుంది.

బయట, నాలుగు వైపులా గాలి ఆడే చోట, టేబుల్ మీద పెడతానంటే ఫ్యాన్ లేనిది నేనూ వద్దనను.

నిశ్శబ్దమే_సంగీతం · గుంటూరు

మూసిన అరలో వద్దన్న మాట ఒప్పుకుంటున్నాను. నాది బయటే, స్టాండ్ మీద ఉంది. కానీ ఒకటి మర్చిపోకండి. హార్డ్‌వేర్ డీకోడ్ ఆన్‌లో ఉంటే 4కె సినిమా ఆడేటప్పుడు ఆ ఐ3 దాదాపు ఖాళీగానే ఉంటుంది. పని అంతా లోపలున్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌లోని వీడియో భాగం చూసుకుంటుంది. సినిమా చూడ్డానికి పుట్టే వేడి మనం భయపడేంత కాదు. గేములు ఆడితేనో, వీడియోలు కన్వర్ట్ చేస్తేనో అసలు వేడి.

బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) పవర్ లిమిట్ 35 వాట్లకి దించేయండి. సినిమాల్లో తేడా కనిపించదు, ఏ క్యాబినెట్‌కైనా సగం భారం తగ్గుతుంది.

ఇంటి_కోడలు · విజయవాడ

నేను మా అత్తగారి కోసం ఇలాంటిదే నడుపుతున్నాను కాబట్టి రెండు మాటలు.

చప్పుడు గురించి ఇంత బెంగపడక్కర్లేదండి. మన ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. దాని గాలి చప్పుడు ముందు నెమ్మదిగా తిరిగే 120 మి.మీ. ఫ్యాన్ అసలు వినపడదు. వినపడేది రెండే. ఒకటి, 80 మి.మీ. లాంటి చిన్న ఫ్యాను గట్టిగా తిరిగినప్పుడు వచ్చే సన్నటి ఈల. రెండు, హార్డ్ డిస్క్ గరగర. ఆ గరగర టీవీ యూనిట్ చెక్కకి తగిలి ఇంకా పెద్దదై వినిపిస్తుంది. పటమట గారూ, ఆ రెండు 4 టీబీ డిస్కుల్ని హాల్లోకి తేకండి. వేరే గదిలో ఉన్న పాత కంప్యూటర్‌లో పెట్టి ల్యాన్ తీగ లాగండి. యూహెచ్‌డీ బ్లూరే సినిమా కూడా గరిష్ఠంగా సెకనుకి 150 మెగాబిట్ల లోపే ఉంటుంది, గిగాబిట్ ల్యాన్‌కి అదొక లెక్క కాదు. చాలా టీవీల్లో ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే ఇస్తారు, అందుకే టీవీలోనే నేరుగా ఆడిస్తే పెద్ద ఫైళ్లు ఆగి ఆగి వస్తాయి. మీ పీసీకి ఆ ఇబ్బంది రాదు.

రెండో మాట రిమోట్. మామూలు కంప్యూటర్ బోర్డుల హెచ్‌డీఎంఐలో సీఈసీ పని చేయదు. అంటే టీవీ రిమోట్‌తో పీసీ నడవదు. ఫ్లర్క్ లాంటి యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్ పెడితే ఇంట్లో ఉన్న ఏ పాత రిమోట్‌నైనా నేర్పించుకోవచ్చు. కాబట్టి క్యాబినెట్‌కి ముందు వైపు యూఎస్‌బీ పోర్టు ఉండి తీరాలి. అద్దం తలుపు గుండా ఐఆర్ వెళ్తుంది, చెక్క తలుపు గుండా వెళ్లదు. వైర్‌లెస్ ఎయిర్ మౌస్ అయితే దాని డాంగిల్‌ని వెనక నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో పెట్టకండి. ఆ పోర్టు పని చేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అడ్డు తగులుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో ముందుకి తెచ్చుకోండి.

అత్తగారు ఒక బటన్ నొక్కితే కోడి (సినిమాలు ఆడించే సాఫ్ట్‌వేర్) తెరుచుకోవాలి. అది కుదిరితేనే ఇంట్లో ఈ పీసీ నిలబడుతుంది. కుదరకపోతే ఎంత అందమైన క్యాబినెట్ అయినా నెల తిరిగేసరికి పక్కన పెట్టేస్తారు.

గోడచాటు_కేబుల్ · గుంటూరు

నాదో వేరే దారి. అరండల్‌పేటలో మాది పాత ఇల్లు. హాలు గోడకి అవతల చిన్న స్టోర్ రూమ్. పీసీని అందులో పెట్టి, గోడకి కన్నం కొట్టి తీగ మాత్రమే హాల్లోకి తెచ్చాను. మామూలు టవర్ క్యాబినెట్, పెద్ద కూలర్, నాలుగు హార్డ్ డిస్కులు. హాల్లో చప్పుడు సున్నా, వేడి సున్నా.

ఒక్క జాగ్రత్త. 4కె 60 హెర్ట్జ్‌కి మామూలు రాగి హెచ్‌డీఎంఐ తీగ 5 మీటర్ల దాకా నమ్మొచ్చు. అంతకన్నా దూరమైతే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కొనండి. దానికి దిక్కు ఉంటుంది, ఒక చివర పీసీకి, ఇంకో చివర టీవీకి అని దాని మీదే రాసి ఉంటుంది. పైపులోంచి లాగేముందే చూసుకోండి. పైపు కూడా పిన్ను దూరేంత లావు ఉండాలి, మామూలు కరెంటు పైపులోంచి ఆ పిన్ను వెళ్లదు.

పటమట_వెండితెర · విజయవాడ

మంచి ఉపాయమే, కానీ మాది అపార్ట్‌మెంటు. హాలు గోడ అవతల పక్కింటివాళ్ల బెడ్‌రూమ్.

హార్డ్ డిస్కుల విషయం నచ్చింది. లోపలి గదిలో పాత పీసీ ఎలాగూ ఉంది, వాటిని అందులోకి మార్చేస్తాను. అప్పుడు హాల్లో ఉండేది బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే. జీడీ09 అంత పెద్దది అవసరమా అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

బ్రాడీపేట_స్క్రూడ్రైవర్ · గుంటూరు

ఇప్పుడు దారిలోకి వచ్చారు. జీడీ09 దాదాపు 27 లీటర్ల డబ్బా. ఏటీఎక్స్ బోర్డు, పొడవాటి గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కుల వరస పెట్టుకునేవాళ్ల కోసం చేసింది. మీకు గ్రాఫిక్స్ కార్డు లేదు, డిస్కులు లేవు.

అదే కంపెనీలో మైలో ఎంఎల్03 చూడండి. వెడల్పు అదే 440, లోతు 340, ఎత్తు మాత్రం 105 మి.మీ. మైక్రో ఏటీఎక్స్ బోర్డు పడుతుంది, మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ పడుతుంది. మీ అరలో పైన 85 మి.మీ. గాలికి మిగులుతుంది. 340కి 50 కలిపితే 390, ప్లైవుడ్‌కి లోపలే.

ఇబ్బందులు కూడా చెప్తాను. కూలర్ ఎత్తు 70 మి.మీ. దాటకూడదు. మీ ఐ3 డబ్బాలో వచ్చిన కూలర్ 50లోపే ఉంటుంది, సరిపోతుంది. ఎప్పుడైనా గ్రాఫిక్స్ కార్డు పెట్టాలంటే సగం ఎత్తుండే లో ప్రొఫైల్ కార్డే. పక్కన పట్టేవి 80 మి.మీ. ఫ్యాన్లు, ఇందాక చెల్లెమ్మ చెప్పిన ఈల అక్కడి నుంచే వస్తుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్ పెట్టి బయోస్‌లో వేగం కిందికి కట్టేస్తే ఆ ఈల ఉండదు.

ఎస్‌ఎంపీఎస్ వాట్ల కోసం డబ్బులు పోయకండి. 300, 400 వాట్లు మీకు ఎక్కువే. పెట్టే డబ్బు మంచి కంపెనీకి, 140 మి.మీ.కి మించని పొడవుకి పెట్టండి. పొడవు పెరిగితే తీగలు మడిచే జాగా పోతుంది.

ఆటోనగర్_రేకు · విజయవాడ

కొనడం గురించే మాట్లాడుతున్నారు, చేయించడం గురించి ఎవరూ అనట్లేదు. మన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చేతులకి ఒక డబ్బా ఒక లెక్కా? నేను పాత ఆంప్లిఫయర్ డొక్కుని క్యాబినెట్‌గా మార్చుకున్నాను. ముందు పలక, వాల్యూమ్ నాబ్ అలాగే ఉన్నాయి. ఆ నాబ్ లోపల పవర్ స్విచ్ పెట్టాను.

చేయించుకోవాలనుకునేవాళ్లు ఈ కిటుకు గుర్తుపెట్టుకోండి. మదర్‌బోర్డు కన్నాలు, వెనక పోర్టుల కిటికీ మీరు కొలిచి కొట్టించకండి. మి.మీ. తేడా వచ్చినా బోర్డు కూర్చోదు. పాత సామాన్ల కొట్లో పారేసిన క్యాబినెట్ ఒకటి కొనండి. బోర్డు బిగించే పలకని, వెనక పోర్టులుండే భాగాన్ని విడదీయకుండా ఒకే ముక్కగా కోయించి మీ డబ్బాలో రివెట్ చేయించండి. అన్ని కన్నాలూ వాటంతట అవే కుదురుతాయి. పోర్టుల కిటికీ అన్ని ఏటీఎక్స్ బోర్డులకీ ఒకటే, 158.75కి 44.45 మి.మీ.

రేకు 1 మి.మీ.కి తగ్గకూడదు, పల్చన రేకు ఫ్యాన్‌తో పాటు అదురుతుంది. కోసిన అంచులన్నీ ఆకురాయి పెట్టి రుద్దించండి, లేకపోతే తీగల పైతోలు లేచిపోతుంది. పౌడర్ కోటింగ్ వేయించేముందు బోర్డు స్క్రూలు కూర్చునే చోట టేపు వేయమనండి. రంగు అడ్డం పడితే బోర్డుకి, డబ్బాకి మధ్య ఎర్తింగ్ సరిగ్గా కుదరదు. ఎస్‌ఎంపీఎస్‌ని పెట్టే మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. రేకు డబ్బా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే అక్కడ ఎర్త్ లేనట్టే.

నిశ్శబ్దమే_సంగీతం · గుంటూరు

రేకు గారూ, నాబ్ లోపల స్విచ్ అద్భుతం. ఫొటో పెట్టండి, నాకూ పాత ఆంప్లిఫయర్ ఒకటుంది.

చిన్నపీసీ_చాలు · విజయవాడ

ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు సన్నగా అడ్డంగా ఉంటాయి కదా, వాటి డొక్కులో ఈయన బోర్డు పెట్టొచ్చా? చవగ్గా వస్తాయి.

బ్రాడీపేట_స్క్రూడ్రైవర్ · గుంటూరు

కుదరదు తమ్ముడూ. డెల్ ఆప్టిప్లెక్స్ లాంటి వాటి సన్న మోడళ్లలో బోర్డు ఆకారం, ఎస్‌ఎంపీఎస్ ఆకారం, స్విచ్ తీగల పిన్నులు అన్నీ ఆ కంపెనీ సొంత కొలతలు. మొత్తం మెషీన్ అలాగే వాడుకుంటానంటే మాత్రం మంచి బేరమే. కొనేముందు ప్రాసెసర్ ఎన్నో తరందో చూడు. ఇంటెల్ 11వ తరం నుంచే ఏవీ1 డీకోడ్ వచ్చింది. అంతకన్నా పాతదైతే ఏవీ1లో ఉన్న 4కె వీడియోలకి ఇబ్బంది పడతావు.

సింగ్‌నగర్_వాసి · విజయవాడ

కొలతల గురించి అందరూ చెప్పారు. ఎత్తు గురించి నేను చెప్తాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో కింది అంతస్తు ఇళ్లన్నీ మునిగాయి. టీవీలు గోడకి ఉన్నాయి కాబట్టి కొన్ని మిగిలాయి. కింది అరలో ఉన్న రిసీవర్లు, సెట్ టాప్ బాక్సులు, కంప్యూటర్లు, హార్డ్ డిస్కులు పోయాయి. పెళ్లి వీడియోలు పోయినవాళ్లు ఇప్పటికీ బాధపడతారు.

కింది అంతస్తులో ఉండేవాళ్లు నేలకి ఆనుకున్న అరలో పీసీ పెట్టకండి. క్యాబినెట్ కాస్త చిన్నదైతే పై అరలోకి వెళ్తుంది, ఆ ఒక్క కారణానికైనా చిన్నదే తీసుకోండి. పటమట గారూ, ఆ 4 టీబీ డిస్కులకి ఇంకో కాపీ తీసి బంధువుల ఇంట్లో ఉంచండి. వస్తువు మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ వీడియోలు దొరకవు.

పటమట_వెండితెర · విజయవాడ

మాది మూడో అంతస్తు అండి. అయినా కాపీ మాట మనసుకి తగిలింది. గుడివాడలో పిన్ని వాళ్లింట్లో ఒక డిస్కు పెడతాను.

దుమ్ము సంగతి ఎవరైనా చెప్తారా? రోడ్డు వైపు బాల్కనీ, పైగా వంటగదికీ హాలుకీ మధ్య గోడ లేదు.

ఇంటి_కోడలు · విజయవాడ

వంటగది తెరిచి ఉంటే దుమ్ముకన్నా పోపు పొగ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. నూనె ఆవిరి ఫ్యాన్ రెక్కలకి పట్టి, దాని మీద దుమ్ము జిడ్డులా అతుక్కుంటుంది. బ్లోయర్ పెడితే రాదు, దూదితో తుడవాల్సిందే. అందుకే విప్పి కడుక్కునే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ మంచిది. లేకపోతే అయస్కాంతం అంచులున్న జాలీ ఫిల్టర్లు విడిగా దొరుకుతాయి, లోపలికి గాలి లాగే చోట అంటించండి.

బ్రాడీపేట_స్క్రూడ్రైవర్ · గుంటూరు

చెల్లెమ్మ చెప్పింది నిజం. దానికి తోడు, లోపలికి గాలి తోసే ఫ్యాన్లు బయటికి లాగేవాటికన్నా బలంగా ఉండాలి. అప్పుడు లోపల ఒత్తిడి కొంచెం ఎక్కువ ఉండి, సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. దుమ్ము ఫిల్టర్ ఉన్న దారిలోంచి తప్ప వేరే దారిలో రాదు. అన్ని ఫ్యాన్లూ బయటికే తిప్పితే ప్రతి సందూ దుమ్ము లాగుతుంది.

ఇంకొకటి, దీన్ని బయటి దేశాల వాళ్లు రాసిన రివ్యూల్లో చూడరు. బల్లులు, చీమలు, బొద్దింకలు. వానాకాలం మొదలవగానే వెచ్చటి చోటు వెతుక్కుంటూ ఇవన్నీ క్యాబినెట్‌లో చేరతాయి. బల్లి ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరి రెండు తీగల మధ్య పడితే షార్టే. నా దగ్గరికి వచ్చిన చచ్చిన ఎస్‌ఎంపీఎస్‌లు విప్పితే చాలాసార్లు కనిపించేది అదే. వెనక కార్డుల కోసం ఉండే పొడుగు సందులన్నింటికీ పలకలు బిగించి ఉండాలి. చవక క్యాబినెట్లలో ఆ పలకలు విరిచేసేవి, ఒకసారి విరిచాక మళ్లీ పెట్టలేం. స్క్రూతో బిగించే పలకలున్నది చూసి కొనండి. బోర్డు పోర్టుల చుట్టూ వచ్చే కిటికీ పలక తప్పకుండా పెట్టించుకోండి, చాలామంది బోర్డు డబ్బాలోనే దాన్ని వదిలేస్తారు.

దోమల జాలీ గుడ్డ మాత్రం అడ్డం కట్టకండి. సందులు చిన్నవి, దుమ్ము పట్టగానే గాలి పూర్తిగా ఆగిపోతుంది.

ఇన్వర్టర్ ఉందా? స్క్వేర్ వేవ్‌దైతే, కరెంటు లాగే తీరుని సరిదిద్దే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కి పడదు. ప్యూర్ సైన్ వేవ్‌ది అయ్యుండాలి. దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచితే కరెంటు పోయినప్పుడు పీసీ రీస్టార్ట్ అవ్వదు.

గోడచాటు_కేబుల్ · గుంటూరు

హెచ్610 బోర్డు అన్నారు కదా, హెచ్‌డీఎంఐ ఏ వెర్షనో చూసుకోండి. కొన్ని చవక బోర్డుల్లో 1.4 ఇస్తారు. అది 4కెలో 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. సినిమాలు సెకనుకి 24 ఫ్రేములే కాబట్టి ఆడతాయి, కానీ మెనూలో మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంది. 2.0 ఉంటే బెంగలేదు. కోడిలో వీడియోకి తగ్గట్టు డిస్‌ప్లే రిఫ్రెష్ రేటు మారే సెట్టింగ్ ఆన్ చేస్తే కెమెరా పక్కకి తిరిగే సీన్లలో కుదుపు పోతుంది.

పటమట_వెండితెర · విజయవాడ

అందరికీ చెప్పాల్సిన విషయం. కార్పెంటర్ వచ్చాడు. అమ్మ ముందే కూర్చుని చూసింది. వెనక ప్లైవుడ్‌లో కింద ఒకటి, పైన ఒకటి పొడవాటి కిటికీలు కోయించాం. కింద నుంచి చల్లగాలి లోపలికి, పై నుంచి వేడిగాలి బయటికి. టీవీ యూనిట్‌ని గోడ నుంచి నాలుగు వేళ్లు ముందుకి జరిపాం. ముందు అద్దం తలుపు తీయించేశాను. ఇదంతా అయ్యాక చూస్తే అందం ఏమీ చెడలేదని అమ్మే అంది.

ఎంఎల్03 విజయవాడలో దొరకలేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో తెలిసినవాళ్లని కనుక్కోమంటే ఒక షాపులో పాత స్టాకు ఉందన్నారు. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్న బావగారు పట్టుకొచ్చారు. నల్లగా, సన్నగా, రిసీవర్ పక్కన దాని తమ్ముడిలా ఉంది. 80 మి.మీ. ఫ్యాన్లు రెండు లోపలికి తోసేలా పెట్టి, జాలీ ఫిల్టర్లు అంటించాను. పవర్ లిమిట్ 35 వాట్లు. హెచ్‌డీఎంఐ 2.0నే, చూసుకున్నాను. ముందున్న పవర్ లైటు పిన్ను బోర్డుకి తగిలించలేదు, కాబట్టి చీకట్లో ఏ వెలుగూ లేదు.

మధ్యాహ్నం ఏసీ వేయకుండా 4కె సినిమా పూర్తిగా ఆడించి చూశాను. ప్రాసెసర్ 60 డిగ్రీల లోపే ఉంది. సీలింగ్ ఫ్యాన్ ఆపి, చెవి దగ్గర పెట్టి వింటే తప్ప చప్పుడు తెలియట్లేదు.

నిశ్శబ్దమే_సంగీతం · గుంటూరు

చాలా సంతోషం. రాత్రి ఏసీ వేసి, తలుపులు మూసి ఒకసారి వినండి. అప్పుడు వినిపిస్తే ఫ్యాన్ వేగం ఇంకో మెట్టు దించండి, 60 డిగ్రీలంటే ఇంకా చాలా అవకాశం ఉంది.

సింగ్‌నగర్_వాసి · విజయవాడ

అందరూ ఒక చోట చెప్పినవి చూసి నేనూ కట్టుకుందామనుకుంటున్నాను. నా దగ్గర ఏటీఎక్స్ బోర్డు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. టీవీ యూనిట్ లేదు, నాలుగు వైపులా తెరిచి ఉన్న ఇనుప ర్యాక్. నాకు జీడీ09 పనికొస్తుందా?

బ్రాడీపేట_స్క్రూడ్రైవర్ · గుంటూరు

నిక్షేపంగా పనికొస్తుంది. అది తెరిచిన ర్యాక్‌కే సరైనది. కూలర్ 138 మి.మీ. దాకా పడుతుంది, కార్డు పొడవు 309 మి.మీ. దాటకూడదు. మీ కార్డుని టేపు పెట్టి కొలిచి చెప్పండి. ర్యాక్ అరల మధ్య ఎత్తు, పక్కన ఏం ఉంటుందో కూడా రాయండి. గాలి పక్కల నుంచే తీసుకుంటుంది, రిసీవర్‌ని దాని పక్కకి ఆనించి పెట్టకూడదు. ర్యాక్‌లో పీసీని ఎన్నో అరలో పెడతారో మీకు నేను చెప్పక్కర్లేదు.